తిరుచానూరు దాటాక ఏటి వైపు ఇల్లు చూశాం, 2021లో అక్కడ నీళ్లు వచ్చాయా?

పెద్దోడు_బెంగళూరు:

అందరికీ నమస్కారం. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. మాది పాకాల దగ్గర పల్లె. నాన్నకు మోకాళ్లు అరిగిపోయాయి, అమ్మకు షుగరు. నెలకోసారి ఇద్దరూ బస్సెక్కి తిరుపతికి డాక్టరు దగ్గరికి వచ్చి పోతున్నారు. ఇంక పల్లెలో వద్దని రెండేళ్లుగా తిరుపతిలో ఇల్లు వెతుకుతున్నాం.

పోయిన వారం ఒకటి నచ్చింది. తిరుచానూరు దాటాక స్వర్ణముఖి వైపు ఒక లేఅవుటులో ఉంది. 40 అంకణాల జాగా, తూర్పు వాకిలి, కింద రెండు గదులు, పైన ఒక గది, సంపు, బోరు అన్నీ ఉన్నాయి. 2018లో కట్టారట. 62 లక్షలు చెబుతున్నారు. ఇదే సైజు ఇల్లు టౌనుకు ఇంకాస్త దగ్గరైతే 80 దాటుతోంది. ఇంత తేడా ఎందుకని బ్రోకరును అడిగితే "ఓనరుకు అర్జెంటు సార్, పాప పెళ్లి ఉంది" అన్నాడు. మేము చూసిన నాలుగు ఇళ్లలో మూడింటికి పాప పెళ్లే ఉంది.

2021 వరదలో ఇక్కడికి నీళ్లు వచ్చాయా అని అడిగాను. "పాదం తడవలేదు సార్" అన్నాడు. పక్కింటావిడను అడిగితే "వచ్చినాయి, రాలేదు, ఏమని చెప్పేది నాయనా" అని లోపలికి వెళ్లిపోయింది. తర్వాత తెలిసింది, వాళ్లిల్లు కూడా అమ్మకానికి ఉందట.

ఇంటికి కొత్తగా సున్నం, రంగులు వేసి ఉన్నాయి. నాన్నకు మాత్రం మనసొప్పడం లేదు. "స్వర్ణముఖి పుట్టేది మన పాకాల వైపు కొండల్లోనేరా, ఇక్కడ పడిన వానంతా పోయి ఆ ఇంటి మీదే పడుతుంది" అంటున్నాడు. అమ్మేమో అమ్మవారి గుడికి నడిచి పోవచ్చని ముచ్చటపడుతోంది. బ్యాంకువాళ్లు లోను ఇస్తామన్నారు. వాళ్లు ఇస్తామన్నారంటే అంతా సరిగ్గా ఉన్నట్టేనా? వాన పడితే టౌనుకు పోయే దారి సంగతేమిటి? నేను అక్కడ ఉండను, ముసలివాళ్లిద్దరే ఉంటారు. అదే నా టెన్షన్. అక్కడ ఉన్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

వైండింగ్_షాపు:

తమ్ముడూ, నాది తిరుచానూరు రోడ్డు పక్కన మోటారు వైండింగ్ షాపు. 26 ఏళ్లుగా ఇదే పని. నీకు పనికొచ్చే సంగతి నాకొకటి తెలుసు. కొంచెం పొడుగుగా చెబుతాను, ఓపిగ్గా చదువు.

2021 నవంబరు 18, గురువారం. మర్నాడు కార్తీక పౌర్ణమి. మా ఆవిడ వత్తులు కూడా నానబెట్టి పెట్టుకుంది. మధ్యాహ్నానికే కపిలతీర్థం దగ్గర కొండ మీది నుంచి ఎర్రటి నీళ్లు దూకుతున్న వీడియోలు ఫోన్లలో తిరుగుతున్నాయి. చూసి "అబ్బా, ఎంత బాగుందో" అనుకున్నాం. ఆ నీళ్లు ఎటు పోతాయని ఒక్కడం కూడా ఆలోచించలేదు.

అప్పుడు మేము అద్దెకుండేది కింద పోర్షన్‌లో. నేనేమో గేటు దగ్గర ఇసుక బస్తాలు వేసి, టార్చి పట్టుకుని వీధిలోకి చూస్తూ నిలబడ్డాను. లోపలి నుంచి మా అమ్మాయి అరిచింది, "నాన్నా, బాత్రూంలో నీళ్లొస్తున్నాయి" అని. వాకిట్లోంచి కాదు, బాత్రూం జాలీలోంచి గుడగుడమని పైకి తన్నుతున్నాయి. కాలవ నిండితే నీళ్లు పైపులోంచి వెనక్కి తిరుగుతాయి మరి. గేటు దగ్గర నా బస్తాలు బస్తాల్లాగే ఉన్నాయి, ఇంట్లో మాత్రం చీలమండ దాకా నీళ్లు. తర్వాత లెట్రిన్‌లోంచి వచ్చింది. ఆ సంగతి వద్దులే.

ముందు మెయిన్ దించేశాను. టీవీని మంచం మీద, మంచాన్ని రెండు బల్లల మీద పెట్టాం. బియ్యం బస్తా ఎత్తబోతే అప్పటికే అడుగు నానిపోయి చిరిగింది. మా అత్తను ఇంకో ఇద్దరం పట్టుకుని మిద్దె మీదికి ఎక్కించాం. తెల్లారి దిగి చూస్తే గోడ మీద స్విచ్చు బోర్డు కింది అంచుకు సమంగా గీత. మూడు రోజులు కరెంటు లేదు. షాపులో డెలివరీకి సిద్ధంగా పెట్టిన మోటార్లన్నీ బురదలో ఉన్నాయి. వాటిని నా డబ్బులతోనే మళ్లీ చుట్టి ఇచ్చాను. ఎవరి దగ్గర అడగగలను?

ఇప్పుడు అసలు సంగతి. ఆ తర్వాత రెండు నెలలు నాకు నిద్ర లేదు. సంపు మీద పెట్టే మోనోబ్లాక్ మోటారు ఒక్క రాత్రి మునిగిందంటే వైండింగ్‌లోకి బురద చేరుతుంది, బేరింగులు పడతాయి. బోరు లోపలి సబ్‌మర్సిబుల్‌కు ఏమీ కాదు, అది పుట్టిందే నీళ్లలో ఉండటానికి. పైనుండే స్టార్టరు బోర్డు పోతుంది. వచ్చిన ప్రతిదానికీ వీధి పేరు, ఇంటి గుర్తు పుస్తకంలో రాసుకుంటాను. సంక్రాంతికి తీరిగ్గా లెక్క చూసుకుంటుంటే ఆశ్చర్యమేసింది. ఏటికి ఆనుకుని గట్టు మీదున్న వీధి నుంచి వచ్చినవి రెండే మోటార్లు. ఏటికి అర కిలోమీటరు ఇవతల, టౌను వైపున్న వీధి నుంచి ఒక్క ఇల్లు మిగలకుండా వచ్చాయి.

ఎందుకంటే ఏటి గట్టున్న వీధి ఎత్తు మీద ఉంది. ఆ రెండో వీధి పాత వంక మీద ఉంది, వంక అంటే వాన నీళ్లు పారే చిన్న వాగు. మామూలు రోజుల్లో ఆ వంకలో నీళ్లే ఉండవు, గేదెలు మేస్తుంటాయి. పైన కొండల్లో పడిన వాన ఆ వంకలో పడి ఏటిలో కలవాలి. ఆ రాత్రి ఏరే నిండుగా ఉంది, ఇక వంక నీళ్లను ఎక్కడ తీసుకుంటుంది? నీళ్లు అక్కడే ఆగి, ఎగదన్ని, పల్లం ఎక్కడుంటే అక్కడికి పాకాయి. కాబట్టి "ఏటికి ఎంత దూరం" అని అడక్కు. "వంక ఎటు పోయేది" అని అడుగు. దీన్ని బ్రోకరును అడిగితే లాభం లేదు, గేదెలు మేపే ముసలాయనను అడుగు.

ఆ ఇంటికి మళ్లీ పోతే రంగులు చూడొద్దు. రంగు వెయ్యని చోట్లు చూడు. మీటరు బాక్సు మూత తీసి లోపలి స్క్రూలు తుప్పు పట్టాయేమో చూడు. తలుపు చట్రం కింది జానెడు చెక్క గోరుతో నొక్కు, నీళ్లు తాగిన చెక్క మెత్తగా ఉంటుంది, రంగు కింద ఉబ్బుతుంది. ప్రహరీ గోడను అవతలి వైపు నుంచి చూడు, అటు ఎవరూ సున్నం కొట్టరు. అన్నిటికంటే ముఖ్యం, సంపు దగ్గరి మోటారు చూడు. మా పనివాళ్లం వైండింగ్ చేశాక వారంటీ లెక్క కోసం మోటారు ఒంటి మీద పెయింటుతో తేదీ రాస్తాం. ఓనరు గోడలకు రంగు వేస్తాడు గానీ మోటారు మీద తేదీ చెరపాలని ఎవరికీ తోచదు.

సంపు అన్నాను కాబట్టి ఇంకొకటి. ఆ వరద తర్వాత శ్రీకృష్ణనగర్‌లో సిమెంటు వరలతో కట్టిన సంపు ఒకటి భూమిలోంచి పైకి లేచి నిలబడింది గుర్తుందా? లోపల ఒకావిడ కడుగుతూ ఉండగానే లేచింది, అదృష్టం బాగుండి చిన్న దెబ్బలతో బయటపడింది. ఊరంతా తిరునాళ్లకు పోయినట్టు పోయి చూశారు, దేవుడి మహిమ అన్నారు, కీడు అన్నారు. నాకైతే వింతేమీ అనిపించలేదు. నేల అంతా నీళ్లతో నానిపోయి ఉంది. అట్లాంటి నేలలో ఖాళీ సంపు అంటే నీళ్ల తొట్టిలో ఖాళీ బిందె. పట్టుకుని నొక్కేవాడు లేకపోతే తేలుతుంది. నిండుగా ఉన్నంతసేపూ లోపలి బరువు దాన్ని కింద పట్టి ఉంచింది. అప్పటి నుంచి ఎవరైనా "అన్నా, సంపులో వరద నీళ్లు పడ్డాయి, తోడెయ్" అని పిలిస్తే వారం ఆగమంటాను. చుట్టూ నేల ఆరాక తోడదాం, అప్పటిదాకా ఆ నీళ్లు ముట్టుకోవద్దు అంటాను. తిట్టుకుంటారు, తిట్టుకోనీ.

గొలుసు_లాగినవాడు:

వైండింగ్ షాపు ఆయన చెప్పినదంతా నిజం. నేను సర్వే పని చేసి రిటైరైనవాణ్ని, కాబట్టి కాగితాల వైపు నుంచి నాలుగు మాటలు.

వంక ఎటు పోయేదో గేదెల ముసలాయన లేకపోయినా గ్రామ పటం చెబుతుంది. రెవెన్యూ గ్రామ పటంలో వంకలు, కాలవలు, డొంకలు అన్నీ గీసి ఉంటాయి. మీరు కొనే సర్వే నంబరుకు కొలతల పటం, అంటే ఎఫ్‌ఎంబీ తీసుకుని గ్రామ పటం మీద పెట్టి చూడండి. పక్క నంబరు "వంక పొరంబోకు" అని ఉండి, స్థలం మీదికి వెళ్తే అక్కడ సిమెంటు రోడ్డు కనిపిస్తే, ఆ రోడ్డే వంక. వాన రోజు అది మళ్లీ వంకే అవుతుంది. మీ నంబరు రిజిస్ట్రేషను నిషేధిత జాబితాలో, అంటే 22ఏలో ఉందేమో కూడా చూసుకోండి. లేఅవుటుకు తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి నంబరు ఉంటే ప్లానులో కాలవ చూపించిన చోట నిజంగా కాలవ ఉందా, దాని మీద ఎవరైనా మెట్లు కట్టుకున్నారా, నడిచి చూడండి. నడవకుండా కొనొద్దు.

దూరం లెక్క కూడా ఉంది. మన రాష్ట్రం 2017 భవన నిబంధనల ప్రకారం నది అంచు నుంచి పట్టణ పరిధి లోపల 50 మీటర్లు, బయట 100 మీటర్లు వదలాలి. వాగు, వంక పది మీటర్ల కంటే వెడల్పు ఉంటే 9 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 2 మీటర్లు. టేపు పట్టుకుని వెళ్లండి. కొలిచేది ఇప్పుడు ఇసుక కనిపిస్తున్న చోటు నుంచి కాదు, పటంలో ఏటి హద్దు ఉన్న చోటు నుంచి. ఏడాదిలో పది నెలలు ఎండి ఉండే ఏరు కాబట్టి హద్దు ఎక్కడో జనం మరిచిపోతారు. ఏరు మరిచిపోదు.

బ్యాంకు సంగతి అడిగారు. బ్యాంకు లాయరు చూసేది టైటిలు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తాకట్లు చూపే కాగితం). ఇల్లు మీ పేరు మీదికి వస్తుందా లేదా అనేదే వాళ్ల ప్రశ్న. ఆ ఇంట్లోకి నీళ్లు వస్తాయా అన్నది వాళ్ల ప్రశ్న కాదు.

తిరుపతి ఎందుకు మునుగుతుందో కూడా తెలుసుకోండి. శేషాచలం కొండలు నిటారుగా ఉంటాయి, పడిన వాన గంటల్లో కిందికి దిగుతుంది. పూర్వం వాళ్లు ఆ నీళ్లను పట్టడానికే చెరువులు వరసగా కట్టారు. పేరూరు, తుమ్మలగుంట, అవిలాల. ఒక చెరువు నిండి మొరవ పోతే ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి, అది నిండితే ఇంకా కిందికి, చివరికి ఏటికి. ఈ గొలుసులో ఒక్క కొక్కెం తెగినా నీళ్లకు దారి తెలియదు, వీధిలోకి వస్తాయి. 2021లో ఎమ్మార్‌పల్లి, ఆటోనగర్ వైపు వీధులు చెరువులైపోయింది అందుకే. కాలనీ పేరు ఎంత కొత్తగా ఉన్నా ఊరి పేరు చివర గుంట, కుంట, చెరువు ఉందేమో వినండి. నేను నా కూతురికి ఇల్లు చూసినప్పుడు మొదట చేసింది అదే. మా అల్లుడు నవ్వాడు. నవ్వితే నవ్వాడు, ఎత్తు మీదే కొన్నాం.

స్కూటీ_టీచరమ్మ:

అందరూ ఇంటి గురించే చెబుతున్నారు. నేను దారి గురించి చెబుతాను. నేను ఏటికి ఇవతల ఉంటాను, నా బడి అవతల ఉంది.

ఇల్లు మునగదు, సరే. దారి మునిగితే? మీ అమ్మగారికి షుగరు అన్నారు. ఇన్సులిన్ అయితే ఫ్రిజ్‌లో పెట్టాలి, కరెంటు ఉండదు. మా వీధిలో ఒకాయనకు డయాలసిస్. 2021లో ఆ మూడు రోజులు వాళ్లింట్లో ఎవరికీ ఏడుపు తప్ప అన్నం లేదు. చివరికి ట్రాక్టరు ఎక్కించి తీసుకుపోయారు. ఇంట్లోకి చుక్క నీళ్లు రాలేదు వాళ్లకు.

ఇంకో సంగతి, బయటికి పోవడానికి మీకు రెండు దారులు ఉన్నాయా, ఆ రెండూ ఒకే మోరీ మీద నుంచి పోతున్నాయా చూడండి. చాలా లేఅవుట్లలో నాలుగు రోడ్లు ఉన్నట్టు కనిపిస్తుంది, అన్నీ పోయి ఒకే కల్వర్టు దగ్గర కలుస్తాయి. అది మునిగితే అందరూ లోపలే.

వరద తగ్గాక కూడా దారిని నమ్మొద్దు. ఆ ఏడాది నేను కళ్లారా చూశాను. రోడ్డు పైకి బాగానే ఉంది, నల్లగా, శుభ్రంగా కడిగినట్టుంది. అంచు దగ్గర కింది మట్టి మొత్తం కొట్టుకుపోయి, పైన తారు ఒక్కటే అప్పచ్చిలా నిలబడి ఉంది. నా ముందు పోతున్న పాల ఆటో చక్రం దాని మీద ఎక్కగానే దిగబడింది. పాలన్నీ రోడ్డు మీద. అప్పటి నుంచి వరద తగ్గిన వారం దాకా రోడ్డు మధ్యలోనే పోతాను, వెనకవాడు హారను కొట్టుకోనీ.

నీళ్లు పారుతున్న రోడ్డు మీద బండి దించే ముందు కూడా ఒక్క క్షణం ఆలోచించండి. పారే నీళ్లు రెండడుగులుంటే కారును తోసుకుపోతాయి, అడుగున్నా చిన్న కారు తేలుతుంది. రైల్వే అండర్‌బ్రిడ్జిలైతే అసలు వద్దు. 2021లో వరద రాకముందే, అక్టోబరులో, టౌనులోని వెస్ట్ చర్చి దగ్గర అండర్‌బ్రిడ్జి నీళ్లలో దర్శనానికి వచ్చినవాళ్ల బండి చిక్కుకుని ఒక ప్రాణం పోయింది. ఊరు తెలియనివాళ్లకు ఆ గుంత లోతు తెలియదు. మీ అమ్మానాన్న కూడా ఊరికి కొత్తవాళ్లే కదా.

ఆర్సీపురం_అబ్బాయి:

మాది రామచంద్రాపురం మండలం, రాయలచెరువు కింది పల్లె. 2021 నవంబరు 21, 22 తేదీల్లో చెరువు కట్టకు నీళ్లు ఊరుతున్నాయని మా ఊళ్లన్నీ ఖాళీ చేయించారు. మేము పట్టా కాగితాలు, రెండు జతల బట్టలు, ఆవును తోలుకుని ఎత్తుకు పోయాం. మా జేజి ఊరగాయ జాడీ వదలను అని కూర్చుంది. కట్ట తెగలేదు. కానీ తెగింది తెగింది అని వాట్సాపులో అప్పటికే నాలుగుసార్లు తెగింది.

నేను చెప్పేది వేరు. భయపడితే ఈ జిల్లాలో ఎక్కడా కొనలేరు. చెరువు కింద వద్దు, ఏటి పక్కన వద్దు, వంక మీద వద్దు, కొండ కింద వద్దు అంటే మిగిలింది 80 లక్షల ఇల్లు. అందరి దగ్గరా 80 లక్షలు ఉంటాయా? మునిగే చోటు అని తెలిసే కొనండి, తెలిసినట్టు కట్టుకోండి. రోడ్డు కంటే నాలుగడుగులు పునాది ఎత్తండి, బాత్రూం పైపుకు వెనక్కి రాని వాల్వు పెట్టండి, ప్లగ్గులు నడుము ఎత్తులో పెట్టించండి, ధరలో పది లక్షలు తగ్గించి అడగండి. 'భారత్ గృహ రక్ష' అని అన్ని కంపెనీలూ ఒకే నిబంధనలతో అమ్మే పాలసీ ఉంది, దాంట్లో వరద కూడా ఉంటుంది. కారుకు మాత్రం ఇంజను రక్షణ విడిగా తీసుకోండి. నీళ్లలో ఆగిపోయిన కారును తాళం తిప్పి స్టార్ట్ చేసి ఇంజను పాడుచేసుకుంటే మామూలు పాలసీ సాధారణంగా ఇవ్వదు. మా బావకు లక్షన్నర పోయింది.

వైండింగ్_షాపు:

ఆర్సీపురం తమ్ముడూ, పునాది ఎత్తడం కొత్తగా కట్టేవాడికి. కట్టిన ఇంటిని ఎట్లా ఎత్తుతావు? జాకీలు పెట్టి లేపుతారంటారు గానీ ఆ ఖర్చుకు 80 లక్షల ఇల్లే వస్తుంది. ఇంకో మాట, ఎత్తు ఒక్కసారి చేసే పని కాదు. నువ్వు నాలుగడుగులు ఎత్తితే రోడ్డు వేసేవాడు ప్రతిసారీ పాత రోడ్డు మీదే అర అడుగు వేసిపోతాడు. మా పాత ఇంటికి మూడు మెట్లు ఎక్కేవాళ్లం. ఇప్పుడు ఒక మెట్టు దిగాలి.

పెద్దోడు_బెంగళూరు:

అన్నలకు, టీచరమ్మ గారికి దండాలు. నిన్న ఆదివారం మళ్లీ పోయాను. బ్రోకరుకు చెప్పలేదు. నాన్నను కూడా తీసుకుపోయాను, వద్దన్నా వినలేదు.

మీటరు బాక్సు కొత్తది. తలుపు చట్రాలకు కింద జానెడు ఎత్తున స్టీలు రేకు కొట్టారు, చూడటానికి ఫ్యాషన్‌గా ఉంది. ప్రహరీ అవతల ఖాళీ ప్లాటులోకి దిగి చూశాను, ముళ్లకంప. గోడ మీద నా మోకాలి పైకి గీత ఉంది, లేత పసుపు రంగు. అది వరదదా, పాత సున్నపుదా నాకు తెలియలేదు. సంపు దగ్గర మోటారు చూస్తే కొత్తగా మెరుస్తోంది, తేదీ గీదీ ఏమీ లేదు. ఇంక అంతేలే అనుకుని వస్తుంటే నాన్న మెట్ల కింద పాత సామాన్ల దగ్గర కూర్చున్నాడు. కాళ్లు నొప్పులని కూర్చున్నాడేమో అనుకున్నా. అక్కడ చిరిగిన గోనెసంచి కింద ఒక పాత మోటారు ఉంది. దాని మీద ఎర్ర పెయింటుతో "3-12-21" అని రాసి ఉంది. ఫోటో పెడుతున్నాను.

ఎఫ్‌ఎంబీ కోసం అర్జీ పెట్టాను. దారి కూడా చూశాను టీచరమ్మ గారూ. మీరు చెప్పినట్టే మూడు రోడ్లు, ఒక కల్వర్టు. కల్వర్టు కింద ప్లాస్టిక్కు, కొబ్బరి బోండాలు, ఒక పాత పరుపు.

అక్కడ నిజంగానే గేదెలు మేపే ఒకాయన కనిపించాడు. వంక ఎటు పోయేదని నాన్న అడిగితే ఆయన ఏమీ మాట్లాడకుండా కర్రతో ఇల్లు వైపు చూపించి, తర్వాత పక్క వీధి వైపు చూపించాడు. రెండింటిలో ఏదని మళ్లీ అడిగితే "ఏ ఏడాదికి ఆ ఏడాది" అన్నాడు.

అన్నా, ఆ మోటారు మీద రాత మీదేనా?

వైండింగ్_షాపు:

ఫోటో చూశాను. రాత నాది కాదు. నేను తెల్ల పెయింటు వాడతాను, ఒకటిని గీతలా కాకుండా తలపాగాతో రాస్తాను. కానీ తేదీ తేదీనే. వరద పోయిన పదిహేను రోజులకు చుట్టిన మోటారు అది. పాదం తడవని ఇంట్లో మోటారెట్లా తడిసిందో ఆ బ్రోకరునే అడుగు.

మోటారు దిమ్మ ఎంత ఎత్తుందో కొలిచావా? మోటారు మునిగిందంటే నీళ్లు కనీసం ఆ ఎత్తుకు వచ్చినట్టే. గోడ మీద గీత, దిమ్మ ఎత్తు దగ్గర దగ్గరగా ఉంటే ఆ గీత వరదదే. ఆ రెండిటితో ఇంటి గడప ఎత్తు కూడా పోల్చి చూడు. గీత కంటే గడప ఎత్తుగా ఉంటే ఇల్లు తడవకుండా సంపు వరకే మునిగి ఉండొచ్చు. అట్లా కూడా ఉంటుంది, తొందరపడి వదిలెయ్యమని నేను చెప్పను.

పెద్దోడు_బెంగళూరు:

కొలవలేదన్నా. టేపు తీసుకుపోలేదు. ఇంట్లో అందరం కూర్చుని మాట్లాడాం. అడ్వాన్సు ఇప్పుడే ఇవ్వను. నవంబరు దాకా ఆగుతాను. బ్రోకరు రోజుకు రెండుసార్లు ఫోన్ చేస్తున్నాడు, ఇంకో పార్టీ వస్తోందంటున్నాడు. రానీ అన్నాను. అమ్మ అలిగింది. ఈలోగా పేరూరు వైపు మొదటి అంతస్తులో అద్దెకు ఒక పోర్షన్ చూశాం, నాన్నకు మెట్లే ఇబ్బంది.

బంగాళాఖాతంలో అల్పపీడనం అని చెప్పగానే లీవు పెట్టి బయలుదేరి వస్తాను. వాన పడుతుండగా ఆ వీధి చూడాలి.

వైండింగ్_షాపు:

రా. కారు వీధిలోకి తేవొద్దు, నా షాపు ముందు ఎత్తు మీద పెట్టు. అక్కడి నుంచి నడిచి పోదాం. చెప్పులు వద్దు, బూట్లు వేసుకుని రా, మ్యాన్‌హోళ్లకు మూతలుండవు. కర్ర నేను తెస్తాను, టేపు నువ్వు తీసుకురా.